కాటన్ పేపర్ మీద లంబసింగి మంచు: మూడు చలికాలాల తర్వాత

నూరు శాతం కాటన్ వాటర్ కలర్ పేపర్, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం). మూడేళ్లుగా మంచు బొమ్మలన్నీ దీని మీదే వేస్తున్నాను. ధర చూస్తే గుండె గుభేల్మంటుంది, అందుకే కొనేవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్తున్నా.

వాటర్ కలర్‌లో మంచుకి రంగేం ఉండదు కదా, కాగితం తెలుపుని వదిలేయడమే. అల్ట్రామెరీన్ నీలంలో కొంచెం బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపి వెనక చెట్ల వరస వేసి, కింది అంచుని తడి బ్రష్‌తో ఒక్కసారి లాగితే ఆ బూడిద రంగు తెలుపులోకి కరిగిపోవాలి. మామూలు పేపర్ మీద మనం బ్రష్ కడిగి వచ్చేలోపే అంచు ఆరి గీత పడిపోతుంది, దాన్ని సరిచేద్దామని నీళ్లు పెడితే కాలీఫ్లవర్ ఆకారంలో మరక. కాటన్ అలా కాదు, ఫ్యాన్ ఆపి కూర్చుంటే మనకి తీరిగ్గా టైమ్ ఇస్తుంది. ఎక్కువైన చోట టిష్యూతో అద్దితే అల్ట్రామెరీన్ చాలావరకు లేచొస్తుంది కూడా (థాలో బ్లూ మాత్రం వాడకండి, అంటుకుందంటే వదలదు).

ఇదంతా విశాఖలో, మా ఇంట్లో. మొదటిసారి లంబసింగి తీసుకెళ్లినప్పుడు కథ అడ్డం తిరిగింది. పొద్దున్న ఆరింటికి, వెయ్యి మీటర్ల ఎత్తులో, గాలే తడిగుడ్డలా ఉంటే కాగితం ఎక్కడ ఆరుతుంది? అరగంటైనా వాష్ (పల్చటి రంగు పూత) మెరుస్తూనే ఉంది, ముందు చెట్లు పెడితే పాకిపోయి బొగ్గు మరకలయ్యాయి. టీ కొట్టు పొయ్యి దగ్గర పట్టుకుని ఆరబెడుతుంటే కొట్టాయన "ఏటి బాబూ, అప్పడం కాలుస్తన్నావా" అన్నాడు. ఈలోగా ఎండొచ్చింది, లోయలో మంచు చెట్ల మీంచి లేచి చెల్లాచెదురైపోయింది.

ఇంకో దెబ్బ వానాకాలంలో తగిలింది. ప్యాడ్‌ని బీరువాలో ఊరికే పెట్టేశా. చలికాలంలో తీసి వాష్ వేస్తే అక్కడక్కడా అద్దుడు కాగితంలా రంగు పీల్చేసి నల్లటి చుక్కలు. తేమకి పైన సైజింగ్ (రంగుని వెంటనే పీల్చేయకుండా ఆపే జిగురు) పోయింది, ఇక దానికి మందు లేదు. మిగిలిన షీట్లు పెన్సిల్ బొమ్మలకి వాడేశాను, అంత ఖరీదైన కాగితం మీద! ఇప్పుడు జిప్ కవర్లో సిలికా జెల్ వేసి దాస్తున్నా.

ఇంట్లో వేసుకునేవాళ్లకి ఐదుకి ఐదు, కొండ మీద రెండే. అక్కడికి నేను చవక ప్యాడ్ పట్టుకెళ్తున్నాను, ఆ తేమలో అది ఇంట్లో కాటన్ లాగే తీరిగ్గా ఆరుతుంది, నాకు కావాల్సింది అదే. కాటన్ ప్యాడ్ కొత్తది మళ్లీ తెప్పించుకున్నా, ఈసారి వానలు తగ్గాక.