రూట్ సరిచేస్తానని ఫోన్‌నే చంపేశాడు: రిమోట్ సర్వీసు నమ్మేముందు ఇది చదవండి

రాత్రి పదకొండింటికి నా ఫోన్ పోయింది. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగు. నిద్ర పట్టడం లేదు, కోపం దిగడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎవరి గురించో రూటింగ్ (ఆండ్రాయిడ్ ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవడం) గ్రూపుల్లో ఉండేవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. "ఏ ఫోనైనా, ఏ ప్రాబ్లమైనా, పది నిమిషాల్లో రిమోట్‌లో రూట్ సెట్" అని రోజుకు మూడుసార్లు పోస్టు పెట్టే మనిషి. పేరు రాయను. చదివేవాళ్లకు తెలుస్తుంది.

సమస్య చాలా చిన్నది. ఫోన్‌కు రూట్ ఎప్పటినుంచో ఉంది, నేనే చేసుకున్నాను. మొన్న సిస్టమ్ అప్‌డేట్ వచ్చింది. రూట్ ఇచ్చే మ్యాజిస్క్ యాప్‌లో ఇమేజెస్ రీస్టోర్ చేశాను (అది మార్చిన ఫైళ్లను మళ్లీ అసలువి చేయడం), అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయింది, ఆ తర్వాత రెండో స్లాట్‌లో (కొత్త అప్‌డేట్ పడిన సిస్టమ్ కాపీలో) మ్యాజిస్క్ వేయకుండానే తొందరపడి రీస్టార్ట్ నొక్కేశాను. మ్యాజిస్క్ తెరిచి చూస్తే ఇన్‌స్టాల్డ్ అన్నచోట ఎన్/ఎ అని ఉంది. రూట్ పోయింది, అంతే. కాల్స్ వెళ్తున్నాయి, యాప్‌లన్నీ నడుస్తున్నాయి, డేటా అంతా ఉంది. ఓపిగ్గా ఒక గంట కూర్చుంటే నేనే చేసుకునేవాణ్ణి. ఆఫీసు పని ఒత్తిడిలో, ఎవరో ఒకరు చేసిపెడితే చాలనుకుని ఆయనకు మెసేజ్ పెట్టాను. డబ్బు మొత్తం ముందే అడిగాడు, పంపాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

కంప్యూటర్ రిమోట్‌లో తీసుకోగానే మొదట యాంటీవైరస్ ఆపేయమన్నాడు. ఆపేశాను. ఫోన్ మోడల్ అడిగాడు. ఫోన్‌లో ఏ వెర్షన్ సిస్టమ్ ఉందో చెప్పే బిల్డ్ నంబర్ అడగలేదు. "అన్నా, బిల్డ్ నంబర్ పంపనా?" అని నేనే టైప్ చేశాను. "అక్కర్లేదు బ్రో, అన్నీ నా దగ్గర ఉన్నాయి" అన్నాడు. తన డ్రైవ్‌లోంచి ఒక ఫైల్ దించాడు. దాని పేరు ఇప్పటికీ కళ్లముందే ఉంది: బూట్ ఫైనల్ న్యూ. పక్కనే తేదీ కనిపించింది. నా ఫోన్‌కు వచ్చిన అప్‌డేట్ కంటే నెలల పాతది.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. ఆండ్రాయిడ్ 13తో మార్కెట్లోకి వచ్చిన కొత్త ఫోన్లలో మ్యాజిస్క్ ప్యాచ్ చేయాల్సింది (రూట్ కోసం మార్చాల్సింది) చాలావరకు బూట్ ఇమేజ్‌ని కాదు, ఇనిట్‌బూట్ ఇమేజ్‌ని. ఫోన్ లేచేటప్పుడు ముందుగా నడిచే ఫైళ్లు, అంటే ర్యామ్‌డిస్క్, అందులోకి మారింది. బూట్‌లో మిగిలింది కెర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ. నా ఫోన్ ఆ రకమే. అంటే ఆయన వేసింది తప్పు పార్టిషన్‌లో (ఫోన్ స్టోరేజీలో వేరే భాగంలో), అదీ పాత బిల్డ్‌ది. పాత కెర్నెల్ వచ్చి కొత్త సిస్టమ్ మీద కూర్చుంది. ఫోన్ లోగో దగ్గర ఆగుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ లోగో. బూట్‌లూప్.

అప్పటికి కూడా ఏమీ మించిపోలేదు. ఉన్న బిల్డ్‌కు సరిపోయే అసలు ఫర్మ్‌వేర్ (ఫోన్ సిస్టమ్ ఫైళ్ల ప్యాక్) కంపెనీ సైట్‌లోంచి దించుకుని, అందులోని బూట్ ఇమేజ్ తీసి, కంప్యూటర్‌లోంచి ఫైళ్లు ఎక్కించే ఫాస్ట్‌బూట్ మోడ్‌లో తిరిగి వేస్తే ఫోన్ లేచేది. డేటా కూడా పోయేది కాదు. సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ అన్‌లాక్ అయ్యే ఉంది కదా, ఫైళ్లు ఎక్కించనిస్తుంది. నేను ఆ మాటే టైప్ చేశాను. "మౌస్ ముట్టుకోకండి బ్రో, కన్‌ఫ్యూజ్ చేయకండి" అని వచ్చింది. ఊరుకున్నాను.

తర్వాత జరిగింది ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా కడుపు రగిలిపోతోంది. ఫాస్ట్‌బూట్‌లో లాక్ కమాండ్ కొట్టాడు. నా చేతిలోని ఫోన్ స్క్రీన్ మారింది. బూట్‌లోడర్ లాక్ చేయాలా అని పైన, కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రెండు మూడు లైన్లు. లాక్ చేస్తే పర్సనల్ డేటా అంతా చెరిగిపోతుందని రాసి ఉంది. నేను చదివాను. చదవకుండా నొక్కలేదు. చదివి, ఆగి, అడిగాను: "డేటా పోతుందంటోంది, పోదు కదా?"

"ఏం పోదు బ్రో. లాక్ చేసి మళ్లీ అన్‌లాక్ చేస్తే సెట్ అయిపోతుంది. వాల్యూమ్ నొక్కి, పవర్ నొక్కండి."

నొక్కాను.

కళ్లెదుట రాసి ఉన్నదాన్ని పక్కనపెట్టి, ముఖం కూడా తెలియని మనిషి మాట నమ్మాను. ఇది నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. అమ్మ షుగర్ రీడింగులు ఏడాదిన్నరగా రోజూ పొద్దున్నే ఒక నోట్స్ యాప్‌లో రాస్తున్నాను. ఏ మందు మార్చినప్పుడు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, అన్నీ అందులోనే. సింక్ ఆన్ చేయలేదు. వచ్చే వారం డాక్టరుకు చూపించాల్సినవి అవి. ఇప్పుడు లేవు.

డేటా పోవడంతో ఆగలేదు. మార్చిన బూట్ ఇమేజ్ లోపల ఉండగా లాక్ చేస్తే, ఫైళ్లు అసలువేనా అని చూసే వెరిఫైడ్ బూట్ దాన్ని ఒప్పుకోదు. రూటింగ్ మొదలుపెట్టినవాళ్లు ముందుగా నేర్చుకునే విషయం ఇది, డబ్బు తీసుకుని సర్వీసు చేసేవాడికి తెలియదా? రీబూట్ కాగానే ఎర్ర గుర్తుతో మీ డివైజ్ కరప్ట్ అయింది, బూట్ కాదు అనే స్క్రీన్. లాక్ పడింది కాబట్టి ఇక ఏ ఇమేజూ ఫ్లాష్ కాదు, అంటే ఫోన్‌లోకి ఎక్కదు. మళ్లీ అన్‌లాక్ చేద్దామంటే ఫాస్ట్‌బూట్ నాట్ అలౌడ్ అంటోంది. అన్‌లాక్‌కు అనుమతిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ ఆప్షన్ ఆన్ చేయాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి, సెట్టింగ్స్‌లోకి వెళ్లాలంటే ఫోన్ బూట్ కావాలి.

"ఇప్పుడెలా అన్నా?" అని అడిగితే వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: "మీ ఫోన్ ముందే పాడైంది. దీనికి వేరే టూల్ కావాలి, వేరే చార్జ్. ఇష్టమైతే చెప్పండి, నాకు టైమ్ లేదు." ముందే పాడై ఉంటే నీకు మొదట మెసేజ్ పెట్టింది ఏ ఫోన్‌లోంచి అని అడిగాను. సెషన్ కట్ చేశాడు. రెండు నిమిషాల్లో చాట్ మొత్తం రెండువైపులా చెరిపేసి నన్ను బ్లాక్ చేశాడు. స్క్రీన్‌షాట్లు తీసుకోవాలన్న ఆలోచన నాకు అప్పటికి రాలేదు.

తప్పు ఫైల్ వేయడం వరకైతే పొరపాటు అనుకుని సర్దుకునేవాణ్ణి. ఫ్లాషింగ్‌లో ఎవరికైనా జరుగుతుంది. తెలియనప్పుడు తెలియదు అని చెప్పకుండా, పోతుందని తెలిసి పోదు అని చెప్పాడు చూడండి, అది పొరపాటు కాదు.

మీకు అప్‌డేట్ తర్వాత రూట్ పోతే కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ చూసి, సరిగ్గా అదే బిల్డ్ ఫర్మ్‌వేర్ దించుకుని, మీ మోడల్‌కు బూట్ ప్యాచ్ చేయాలో ఇనిట్‌బూట్ ప్యాచ్ చేయాలో చూసుకుని మీరే చేసుకోండి. ప్యాచ్ చేయని అసలు ఫైల్ కంప్యూటర్లో ఒక కాపీ ఉంచండి, బూట్‌లూప్ వస్తే మిమ్మల్ని కాపాడేది అదే. మ్యాజిస్క్‌లో మాడ్యూల్ (అదనపు మార్పుల ప్యాకేజీ) వేశాక బూట్‌లూప్ వచ్చిందంటే ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి చూడండి, మ్యాజిస్క్ మాడ్యూల్స్ అన్నీ ఆపేస్తుంది. బూట్‌లోడర్ లాక్ మాత్రం ఫోన్‌లో అన్నీ కంపెనీ ఇచ్చిన అసలు ఇమేజ్‌లే ఉన్నాయని తేలేదాకా చేయొద్దు, ఎవరు చెప్పినా సరే. అన్నిటికంటే ముందు బ్యాకప్.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఆ మనిషి చేతిలో నా కంప్యూటర్ గంటకు పైగా ఉంది, యాంటీవైరస్ ఆపేసి ఉంది, బ్రౌజర్‌లో పాస్‌వర్డులు సేవ్ అయి ఉన్నాయి. వేరే డివైజ్ నుంచి అన్నీ ఒక్కొక్కటిగా మారుస్తున్నాను, ఇంకా సగం కూడా కాలేదు. ఆయనకు మీరెప్పుడైనా రిమోట్ ఇచ్చి ఉంటే, మీ ఫోన్ బాగానే ఉన్నా సరే, ఈరోజే మార్చేయండి.