స్పేర్ స్కీ బూట్లు కొంటున్నారా? ‘ఒక్కసారి కూడా వాడలేదు’ అన్న మాట చాలదు, తయారీ తేదీ చూడండి

ఎందుకైనా మంచిదని రెండో జత స్కీ బూట్లు కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో ‘పాత మోడల్, ఒక్కసారి కూడా వాడలేదు, పెట్టెలోనే ఉంది’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివి నిర్ణయం తీసుకోండి. నేను అలాంటి జతే కొన్నాను. మంచు మీద మలుపు తిరుగుతుండగా ఎడమ బూటు షెల్, అంటే బయటి గట్టి ప్లాస్టిక్ తొడుగు, మడమ దగ్గర ఫట్‌మని పగిలింది. సోల్ వెనక భాగం విరిగి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లోనే ఉండిపోయింది, కాలు బయటికొచ్చేసింది. వాలు తక్కువగా ఉన్నచోట, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు జరిగింది కాబట్టి దెబ్బలు తగల్లేదు. అదే నిటారు వాలు మీద జరిగి ఉంటే మోకాలి సంగతి ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అమ్మినవాళ్లను అడిగితే, ‘వాడాక పగిలింది కాబట్టి మాకు సంబంధం లేదు’ అన్నారు. కంపెనీ వారంటీ ఎప్పుడో ముగిసిపోయిందని కూడా అప్పుడే చెప్పారు. ప్రకటనలో ఆ ముక్క ఎక్కడా లేదు. చిత్రమేమిటంటే, ప్రకటనలో రాసినదంతా నిజమే. బూట్ల మీద ఒక్క గీత లేదు, సోల్ అరగలేదు, లోపలి మెత్తటి లైనర్ కొత్త వాసన వేస్తోంది. వాళ్లు దాచింది వయసు ఒక్కటే. కొనేవాళ్లకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే.

వాలు మీద కిందికి జారడానికి వాడే ఆల్పైన్ స్కీ బూట్ల షెల్‌ను ఎక్కువగా పాలీయురెథేన్‌తో చేస్తారు. ఈ ప్లాస్టిక్‌లో కొన్ని రకాలకు తేమ పడదు. గాల్లోని తేమ మెల్లగా లోపలికి చేరి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంచుతూ పోతుంది. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. వేడి, ఉక్కపోత ఉన్నచోట ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. బూట్లు వాడామా లేదా అన్నదానితో దీనికి నిమిత్తం లేదు. పెట్టెలో ఉన్నా జరుగుతుంది, కాలికి ఉన్నా జరుగుతుంది. పైకి మాత్రం షెల్ నిగనిగలాడుతూనే ఉంటుంది. గడ్డకట్టే చలిలో బకిళ్లు బిగించి ముందుకు వంగి బరువు వేసినప్పుడు గానీ దాని పెళుసుదనం బయటపడదు. ప్లాస్టిక్ బూట్లు వాడే పర్వతారోహకులకు ఇది కొత్త విషయం కాదు. ఏళ్ల తరబడి దాచిన జత కొండ మీద ముక్కలైన సంఘటనలు వాళ్లలో చాలామందికి తెలుసు. స్కీలతోనే కొండెక్కేవాళ్లు వేసుకునే టూరింగ్ బూట్లలో వాడే పాలీఅమైడ్ (నైలాన్) ప్లాస్టిక్ రకాలు తేమను ఇంతకంటే బాగా తట్టుకుంటాయి. అయినా వాటినీ తేదీ చూడకుండా కొనమని నేను చెప్పను.

ఎన్నేళ్లకు పాడవుతాయని అడిగితే ఒక్క అంకెలో చెప్పలేం. ప్లాస్టిక్ రకాన్ని బట్టి, దాచిన చోటును బట్టి మారుతుంది. పదేళ్లు దాటిన షెల్‌ను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా నేనిక తీసుకోను.

అసలు రెండో జత అవసరమా అన్నది ఇక్కడే ఆలోచించాలి. చాలామంది స్పేర్ జత కొనడానికి కారణం భయం. కాలికి సరిగ్గా సరిపోయే బూట్లు దొరకడం అంత కష్టం. ముందరి పాదం దగ్గర వెడల్పు 98 మిల్లీమీటర్ల బూటుకీ 102 మిల్లీమీటర్ల బూటుకీ ఎంత తేడా ఉంటుందో, ఇరుకు బూట్లతో రోజంతా నలిగినవాళ్లకు తెలుసు. కంపెనీ మోడల్ ఆపేస్తే, అచ్చు మార్చేస్తే మళ్లీ ఇలాంటిది దొరుకుతుందా అన్న టెన్షన్‌తో అదే జత ఇంకొకటి కొని అటకెక్కిస్తారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ మొదటి జత అరిగేలోపు అటక మీదున్న జతకు వయసు మీద పడుతుంది. నిజంగా రెండు జతలు కావాలంటే రెండింటినీ మార్చి మార్చి వాడండి. రోజూ మంచు మీదే ఉండే శిక్షకులకు, వాలుల మీద గస్తీ తిరిగే స్కీ పెట్రోల్ సిబ్బందికి ఇది మంచి పద్ధతి కూడా. ఒక జత లైనర్లు పూర్తిగా ఆరేలోపు రెండోది వేసుకోవచ్చు.

ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే స్కీయింగ్ చేసేవాళ్లకు నా దృష్టిలో స్పేర్ జత దండగ. మామూలుగా మొదట పాడయ్యేది లైనర్. లోపలి ఫోమ్ అణిగిపోయి మడమ లేవడం మొదలవుతుంది. షెల్ ఇంకా బాగుంటే కొత్త లైనర్ వేయించుకుంటే సరిపోతుంది. రెండు బకిళ్లు, వాటి స్క్రూలు సంచిలో ఉంచుకోండి. మీ మోడల్‌లో ముందు, వెనక సోల్ ముక్కలు మార్చుకునే వీలుంటే అరిగినప్పుడు వాటిని మార్చండి. విమానంలో సామాను పోతుందేమోనని భయపడేవాళ్లు, అనుమతి ఉన్నచోట బూట్లను చేతి సంచిలోనే తీసుకెళ్లండి. స్కీలు అద్దెకు ఎక్కడైనా దొరుకుతాయి, మీ కాలికి అలవాటైన బూట్లు దొరకవు.

స్పేర్ జతతో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి అమ్మేవాళ్లు నోరు విప్పరు. మడమ దగ్గర షెల్ పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది, 305 అనో 315 అనో. అది సోల్ పొడవు. సైజు 26.5 అని రాసి ఉన్న రెండు వేర్వేరు మోడళ్లకు ఈ అంకె ఒకటే కానక్కర్లేదు. తేడా ఉంటే బైండింగ్ మడమ భాగాన్ని జరిపి, ముందుకు నొక్కే ఒత్తిడిని మళ్లీ సరిచేయాలి. ఎంత బలానికి బైండింగ్ ఊడాలన్న సెట్టింగ్ కూడా బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యంతో పాటు సోల్ పొడవు మీద ఆధారపడుతుంది. పొద్దున్నే ఒక బూటు పాడైందని రెండో జత తొడుక్కుని అదే స్కీల మీద నిలబడితే, ఊడాల్సినప్పుడు ఊడకపోవచ్చు, ఊడకూడనప్పుడు ఊడిపోవచ్చు. అందుకే టెక్నీషియన్ చూడకుండా జత మార్చొద్దు.

సోల్ రకం కూడా కలవాలి. మామూలు ఆల్పైన్ సోల్‌కు ఐఎస్ఓ 5355, నడవడానికి వీలుగా చేసిన గ్రిప్‌వాక్ సోల్‌కు ఐఎస్ఓ 23223, టూరింగ్ సోల్‌కు ఐఎస్ఓ 9523 ప్రమాణాలు. పాత బైండింగ్‌లు చాలావరకు మొదటి రకాన్నే తీసుకుంటాయి. క్లిక్‌మని పట్టుకుంది కదా అని సరిపోయినట్టు కాదు.

ఇన్ని తెలిశాక కూడా పాత స్టాక్ తీసుకోవాలనుకుంటే, డబ్బు కట్టకముందే లైనర్ బయటికి తీసి షెల్ లోపల, అడుగున ఫొటోలు తీసి పంపమనండి. అచ్చులో పోసిన ప్లాస్టిక్ భాగాల మీద చాలాసార్లు చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 వరకు అంకెలు, మధ్యలో బాణం, దాని పక్కన సంవత్సరం చివరి రెండు అంకెలు. బాణం చూపేది నెల. ఆ ఫొటో పంపడానికి సాకులు చెబితే అక్కడితో ఆపేయండి. రివెట్ల చుట్టూ, బకిళ్ల కింద వెంట్రుకవాసి పగుళ్లు గానీ, తెల్లటి పొర గానీ కనిపించినా వద్దు. కనిపించనంత మాత్రాన బాగున్నట్టు కాదు, నా జతలో ఏదీ కనిపించలేదు. ఎక్కడ దాచారో అడగండి, తిప్పి పంపే గడువెంతో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటికొచ్చాక లైనర్ లేకుండా కాలు పెట్టి, వేళ్లు ముందు అంచుకు ఆనించి చూడండి. మడమ వెనక ఒకటి రెండు వేళ్ల సందు ఉంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే అది మీ బూటు కాదు.

మీ దగ్గర ఇప్పటికే దాచిపెట్టిన జత ఉంటే సీజన్ మొదలయ్యేలోపే ఆ గుర్తు వెతకండి. మరీ పాతదైతే బకిళ్లు, స్క్రూలు, అరికాలి కింద ఉండే ఫుట్‌బెడ్‌లు విప్పి ఉంచుకోండి, అవి పనికొస్తాయి. షెల్‌ను మాత్రం ఎవరికీ అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి.