టింగ్-లూని ముందు దింపి రెండేళ్లు

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో నాది నైట్ డ్యూటీ. రాత్రి పదికి కూర్చుంటే ఉదయం ఆరుకి లేవడం. ఒంటిగంట దాటాక, తెల్లవారుజామున హైదరాబాద్ రైళ్లు వచ్చేదాకా, రిసెప్షన్‌లో నేనూ, ఫ్యానూ, తాళాల బోర్డూ మాత్రమే ఉంటాం. ఆ టైమ్‌లో నేను ఆడేది పోకెమాన్ షోడౌన్. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, పైసా అక్కర్లేదు, మా లాడ్జి పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. పట్టుకోవడాలు, పెంచడాలు ఏమీ ఉండవు. ఆరు పోకెమాన్ జీవులతో టీమ్ రాసుకుని నేరుగా పోరాటానికి దిగడమే.

2022 నవంబరులో పోకెమాన్ గేమ్‌లు స్కార్లెట్, వయొలెట్ వచ్చినప్పటి నుంచి సింగిల్స్, అంటే ఒక్కొక్కరినే దింపే ఆట, ఆడుతున్నాను. మొదటి ఏడాదంతా అందరిలాగే గ్లిమోరా అనే జీవిని ముందు దింపేవాణ్ణి. దానికి ఫోకస్ సాష్ కట్టి పంపితే నిండు ప్రాణం మీద ఎంత పెద్ద దెబ్బ తగిలినా ఒక్కసారి బతుకుతుంది. ఆలోపు ఎదుటి పక్క నేల మీద స్టెల్త్ రాక్ (దిగినవాడికల్లా గుచ్చుకునే రాళ్లు) పరుస్తుంది, వీలైతే స్పైక్స్ (ముళ్లు) కూడా వేస్తుంది, తర్వాత చస్తుంది. నేల మీద ముళ్లు మిగులుతాయి, మనవాడు మిగలడు. ఎదుటివాడు నాలుగో టర్న్‌లో ర్యాపిడ్ స్పిన్ కొట్టి నేల శుభ్రం చేశాడా, ఇక మన చేతిలో ఏముంది? ఐదుగురం ఆరుగురితో పోరాడాలి, అదీ ఉత్త చేతులతో. ఏడాది పాటు 1400 రేటింగ్ చుట్టూనే తిరిగాను.

మా బావమరిది చిత్తూరులో ఉంటాడు. వాడిదంతా దూకుడు ఆట, ఇరవై టర్న్‌లలో గెలవాలి లేకుంటే ఓడాలి. నేను టీమ్ మార్చుకున్నానని చెప్పి మొదటి రిప్లే పంపితే, రాత్రి రెండింటికి ఫోన్ చేసి, "ఏం బావా, ఇది ఆటా లేకుంటే సర్వదర్శనం క్యూనా?" అన్నాడు. ఆ మ్యాచ్ 68 టర్న్‌లు నడిచింది మరి.

2024 మొదట్లో నేను చేసిన మార్పు ఒక్కటే. ముందు దిగేవాణ్ణి చావడానికి కాకుండా, వెనక్కి పిలిచి మళ్లీ దింపడానికి ఎంచుకున్నాను. అలా టింగ్-లూ వచ్చింది. ఈ రెండేళ్లలో దాంతో వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడి ఉంటాను. ఇది ఆ రెండేళ్ల మాట.

టింగ్-లూ అంటే తల మీద పెద్ద గంగాళం మోస్తున్న జింకలాంటి జీవి. బేస్ హెచ్‌పీ 155, డిఫెన్స్ 125. స్పెషల్ డిఫెన్స్ 80 మాత్రమే అయినా, అది మైదానంలో ఉన్నంతసేపూ ఎదుటివాడి స్పెషల్ అటాక్ నాలుగో వంతు తగ్గిపోతుంది. హెచ్‌పీలో 252, స్పెషల్ డిఫెన్స్‌లో 252 ఈవీలు (మనం పంచుకునే అదనపు పాయింట్లు) పోస్తే ప్రాణం 514 అవుతుంది. చేతిలో లెఫ్టోవర్స్ ఉంటే ప్రతి టర్న్ చివరా 32 తిరిగొస్తుంది. ఈ అంకెలు నాకు మా లాడ్జి రూమ్ రేట్ల కంటే బాగా కంఠతా వచ్చు.

మూవ్‌లు నాలుగు: స్టెల్త్ రాక్, స్పైక్స్, ఎర్త్‌క్వేక్, వర్ల్‌విండ్. నాలుగోది మొదట్లో రూయినేషన్ ఉండేది, ఎదుటివాడి ప్రాణాన్ని సగానికి దించేది. వర్ల్‌విండ్‌కి మారాక తేడా తెలిసింది. అది ఎదుటివాణ్ణి వెనక్కి నెట్టి, వాడి టీమ్‌లో ఇంకెవరినో బయటికి లాగుతుంది. లాగిన ప్రతిసారీ ఆ వచ్చినవాడికి రాళ్లు గుచ్చుకుంటాయి. రాతి దెబ్బ మామూలుగా తగిలే టైప్ (జాతి) అయితే రాళ్లకు 12.5 శాతం, ఒక పొర స్పైక్స్‌కు ఇంకో 12.5 శాతం. అంటే అడుగు పెట్టినందుకే పావు ప్రాణం పోయింది. మూడు పొరలు పడితే స్పైక్స్ ఒక్కటే పావు తింటుంది. రాతికి బలహీనమైన ఎగిరే జాతులకు స్టెల్త్ రాక్ 25 శాతం, రెండింతలు బలహీనమైన చారిజార్డ్‌లాంటి వాటికి 50 శాతం. మనం దెబ్బ కొట్టక్కర్లేదు, వాణ్ణి నడిపిస్తే చాలు.

ఒక ఆట టర్న్ వారీగా చెబుతాను, ఎందుకంటే ఈ ఓపెనింగ్ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రాత్రే.

ఎదుటివాడు గ్రేట్ టస్క్‌ని ముందు దింపాడు. నేల శుభ్రం చేసేవాళ్లలో పేరు మోసినది. పైగా టింగ్-లూకి ఫైటింగ్ దెబ్బ రెండింతలు తగులుతుంది. మొదట్లో అయితే భయపడి వెంటనే మార్చేసేవాణ్ణి. ఆ రోజు ఆగాను. మొదటి టర్న్: వాడు క్లోజ్ కాంబాట్ అనే ఫైటింగ్ దెబ్బ కొట్టాడు, నాకు 42 శాతం మిగిలింది. నేను రాళ్లు పరిచాను. లెఫ్టోవర్స్‌తో 48కి చేరింది. రెండో టర్న్‌లో వాడి ముందున్నవి రెండే దారులు: ఇంకో క్లోజ్ కాంబాట్ కొట్టి చంపడం, లేదంటే ర్యాపిడ్ స్పిన్‌తో రాళ్లు ఊడ్చడం. నేను గోల్డెన్‌గోని దింపాను. అది ఘోస్ట్ టైప్, ఆ రెండూ దానికి తగలవు. పైగా చేతిలో ఎయిర్ బెలూన్ ఉంది కాబట్టి గ్రౌండ్ మూవ్‌లు కూడా తగలవు. నాక్ ఆఫ్ ఒక్కటే భయం. వాడు స్పిన్ కొట్టాడు. గాలిలోనే తిరిగింది, రాళ్లు అక్కడే ఉన్నాయి.

మూడో టర్న్. మొదట కొట్టిన క్లోజ్ కాంబాట్ వల్ల టస్క్ రక్షణ తగ్గి ఉంది, వాడు ఉండలేడు. డ్రాగనైట్‌ని దింపాడు. డ్రాగనైట్ నిండు ప్రాణంతో ఉంటే మల్టీస్కేల్ వల్ల దెబ్బ సగమే తగులుతుంది, అందుకే దానికంత ధీమా. దిగగానే రాళ్లు గుచ్చుకున్నాయి. అంటే కాళ్లకు రాళ్లు గుచ్చుకోకుండా కాపాడే బూట్లు లేవు. 25 శాతం పోయింది, మల్టీస్కేల్ కూడా పోయింది. అదే టర్న్‌లో నా షాడో బాల్ తగిలి ఇంకో 44. మిగిలింది 31. దాని ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ ఘోస్ట్‌కి తగలదు, ఎర్త్‌క్వేక్ బెలూన్‌కి తగలదు. వాడు దాన్ని వెనక్కి పిలిచాడు. ఇక అది మళ్లీ దిగిందంటే మిగిలేది 6 శాతం. ఆట మొదలై మూడు టర్న్‌లే అయింది, నేను కొట్టిన దెబ్బ ఒక్కటే, కానీ వాడి టీమ్‌లో ఒకడు సగం లెక్కలో లేడు.

మరి 48 శాతంతో ఉన్న టింగ్-లూ సంగతి? ఈ జీవికి ఉన్న పెద్ద లోపం అదే. రికవర్ లేదు. రెస్ట్ కొట్టి నిద్రపోవడం తప్ప సొంతంగా ప్రాణం నింపుకోలేదు. మొదటి నాలుగు నెలలు నేను ఓడిన ఆటల్లో చాలావరకు ఇందుకే ఓడాను. ముందు బాగా నిలబడేది, మధ్యలో కరిగిపోయేది. డోండోజోని తీసేసి అలోమొమోలాని పెట్టుకున్నాకే దారి దొరికింది. దాని ప్రాణం పూర్తిగా పోస్తే 534. అది విష్ కోరుకుంటే తర్వాతి టర్న్ చివర, అప్పుడు మైదానంలో ఎవరుంటే వాళ్లకు అందులో సగం, అంటే 267 వస్తుంది. ఆ తర్వాతి టర్న్‌లో ఫ్లిప్ టర్న్ కొడితే అది వెనక్కి వెళ్లి టింగ్-లూ దిగుతుంది. అలోమొమోలా నిదానం కాబట్టి సాధారణంగా ఎదుటివాడి దెబ్బ ముందే దాని మీద పడిపోతుంది, టింగ్-లూ గీత పడకుండా దిగి విష్ అందుకుంటుంది. అలోమొమోలా కూడా వెనక్కి వెళుతూ రీజెనరేటర్‌తో మూడో వంతు తిరిగి తెచ్చుకుంటుంది.

ఆ రాత్రి పదకొండో టర్న్‌లో సరిగ్గా అదే జరిగింది. టింగ్-లూ దగ్గరున్నది 247, వచ్చినవి 267. కూడితే 514. స్క్రీన్ మీద నూరు శాతం కనిపించినప్పుడు ఒక్కడినే గట్టిగా నవ్వాను. పైన మెట్ల దగ్గర ఎవరో, "అన్నా, ఏమైనా అన్నారా?" అని అడిగారు. వేడినీళ్లు నాలుగింటికి వస్తాయండీ అని చెప్పాను. తర్వాత రెండు పొరల స్పైక్స్, నాలుగు వర్ల్‌విండ్‌లు. 41వ టర్న్‌లో వాడు వెళ్లిపోయాడు.

ఇప్పుడు తిట్లు. బూట్లతో మొదలుపెడతాను. 2019లో స్వోర్డ్, షీల్డ్‌తో హెవీ డ్యూటీ బూట్స్ వచ్చాయి. అవి తొడుక్కున్నవాడికి రాళ్లు, ముళ్లు ఏవీ తగలవు. అలిపిరి మెట్లు అందరూ వట్టి కాళ్లతో ఎక్కుతుంటే ఒకడు బూట్లేసుకుని టకటకా ఎక్కిపోయినట్టు ఉంటుంది. ఆరుగురిలో నలుగురు బూట్లతో వచ్చే టీమ్‌లు ఎదురైతే ఈ ఓపెనింగ్ పళ్లు ఊడిన పాము. అందుకే గ్లైస్కార్‌ని నాక్ ఆఫ్‌తో ఉంచుకున్నాను, అది చేతిలో ఉన్న వస్తువును ఊడగొడుతుంది. ముందు బూట్లు విప్పించాలి, తర్వాతే నడిపించాలి. ఈ క్రమం నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది.

హాటరీన్ టీమ్‌లో కనిపిస్తే మొదటి టర్న్‌లో రాళ్లు వేయకండి. మ్యాజిక్ బౌన్స్‌తో అవి మన నేల మీదికే తిరిగొస్తాయి. ఆటకు ముందు ఇద్దరి టీమ్‌లూ కనిపిస్తాయి కదా, అప్పుడే చూసుకోవాలి. అది ముందు దిగేలా ఉంటే ఎర్త్‌క్వేక్ నొక్కుతాను, అంతే.

టాంట్ సంగతి కొంచెం సరదాగా ఉంటుంది. టాంట్ తగిలితే మూడు టర్న్‌లు రాళ్లూ ముళ్లూ వర్ల్‌విండూ ఏవీ వేయలేం, ఎర్త్‌క్వేక్ ఒక్కటే మిగులుతుంది. ఎదుట ఎగిరేవాడు ఉంటే అదీ తగలదు. కానీ గ్రిమ్‌స్నార్ల్‌లాంటి ప్రాంక్‌స్టర్లు (ఇలాంటి మూవ్‌లు అందరికంటే ముందు వేసే గుణం ఉన్నవాళ్లు) వేసే టాంట్ డార్క్ టైప్ మీద పనిచేయదు, టింగ్-లూ డార్క్. ఈ విషయం తెలియనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు గ్రిమ్‌స్నార్ల్‌ని దింపి టాంట్ నొక్కితే నాకు ఒక టర్న్ ఉచితం.

నన్ను నిజంగా కుంగదీసింది సిండరేస్. కోర్ట్ చేంజ్ అని దానికో మూవ్ ఉంది, రెండు పక్కల నేలనూ తారుమారు చేస్తుంది. నేల ఊడ్చే డీఫాగ్‌ని, స్పిన్‌ని ఆపే గోల్డెన్‌గో దీన్ని ఆపలేదు. నాకు అది తెలియదు. ఒక రాత్రి గంటసేపు కూర్చుని రాళ్లు, మూడు పొరల స్పైక్స్ ఓపిగ్గా పరిచాను. వాడు ఒక్క నొక్కు నొక్కాడు. మొత్తం నా పక్కకు వచ్చింది. ఇల్లు కట్టి, సున్నం కొట్టి, తాళం చెవి వాడి చేతిలో పెట్టినట్టయింది. ఇప్పుడు సిండరేస్ కనిపిస్తే అది పోయేదాకా రాళ్లతో ఆగుతాను, స్పైక్స్ జోలికి పోను.

టెరాస్టల్, అంటే ఆట మధ్యలో జీవి టైప్ మార్చడం, దాని గురించి ఒక్క మాట. నా టింగ్-లూ టెరా పాయిజన్. ఫైటింగ్, ఫెయిరీ, బగ్, గ్రాస్, నాలుగు బలహీనతలూ ఒక్క దెబ్బతో బలంగా మారిపోతాయి. చూసి ముచ్చటపడి మొదటి టర్న్‌లోనే వాడేసేవాణ్ణి. తప్పు. ఆటకు ఒక్కసారే వాడగలం, ఎదుటివాడిది ఇంకా చేతిలోనే ఉంటుంది. ఓపెనింగ్‌లో టెరా ఖర్చు పెట్టాల్సి వస్తోందంటే ఆ లీడ్ (ముందు దింపినవాడు) తప్పు అని నా లెక్క.

ఇంకో ఇబ్బంది ఆటది కాదు, నా బతుకుది. రక్షణ ఆట అంటే టైమ్. ఈ తరం గేమ్‌లలో రికవర్, రూస్ట్ లాంటివి గరిష్ఠంగా 8 సార్లే పనిచేస్తాయి కాబట్టి ముందు రోజులంత సాగవు, అయినా యాభై టర్న్‌లు మామూలు. సరిగ్గా నలభయ్యో టర్న్‌లో ఎవరో ఒకరు సూట్‌కేసుతో వచ్చి ఆధార్ కార్డులు కౌంటర్ మీద పెడతారు. విష్ణు నివాసం ఎటు, టోకెన్లు ఇంకా ఉన్నాయా, పిల్లాడికి పాలు దొరుకుతాయా అని అడుగుతారు. వాళ్లకు చెప్పి వచ్చేసరికి టైమర్ అయిపోయి ఉంటుంది. గెలిచే ఆటలు అలా ఎన్ని పోయాయో. దానికి తోడు మా లాడ్జికి నెట్ ఇచ్చేవాళ్లు రాత్రి మూడింటికే ఏదో రిపేరు పెట్టుకుంటారు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ "మీ లైన్ బాగానే ఉంది సార్" అన్నారు. రేటింగ్ 1700 దాటి ఇంకా పైకి పోకపోవడానికి సగం కారణం ఇదే అని నా వాదన. మా బావమరిది ఒప్పుకోడు.

డబుల్స్ ఆడేవాళ్లకు ఇది పనికిరాదు. అక్కడ అధికారిక పోటీల్లో ఆరుగురిలో నలుగురినే తీసుకెళతారు, ఆట త్వరగా అయిపోతుంది, రాళ్లు పరిచే తీరిక ఎవరికీ ఉండదు. కొత్తగా సింగిల్స్ నేర్చుకునేవాళ్లకు కూడా ముందు నెల రోజులు దూకుడు టీమ్‌తోనే ఆడమంటాను. ఎదుటివాడు ఏం కొడతాడో తెలియకుండా ఎక్కడ ఆగాలో తెలియదు. తెలిశాక మాత్రం టింగ్-లూ, గోల్డెన్‌గో, అలోమొమోలా, ఈ ముగ్గురినీ విడదీయకండి. నా టీమ్‌లో మిగతా ముగ్గురు, గ్లైస్కార్, కోర్విక్‌నైట్, డ్రాగపల్ట్. వీళ్లలో ఇద్దరిని ఇంకా మారుస్తూనే ఉన్నాను. కోర్విక్‌నైట్‌కి డీఫాగ్ ఇస్తే నా నేలతో పాటు వాడి నేల మీద నేను పరిచినవీ ఊడిపోతాయి, ఇవ్వకపోతే నా నేల మీద ముళ్లు మిగులుతాయి. ఇది ఇంకా తెగలేదు.

పోయిన నెల బావమరిది ఫోన్ చేసి, "బావా, ఒక్క ఆట" అన్నాడు. టీమ్‌లు కనిపించాయి. వాడి వరసలో మొదట టింగ్-లూ ఉంది. పక్కన అలోమొమోలా. నేనేమీ అనలేదు. రెండు టింగ్-లూలు ఎదురెదురుగా నిలబడి రాళ్లు పరుచుకున్నాయి, ముళ్లు పరుచుకున్నాయి, ఒకదాన్నొకటి వర్ల్‌విండ్‌తో వెనక్కి నెట్టుకున్నాయి. 94వ టర్న్‌లో కింద ఆటో ఆగిన చప్పుడు. ఎనిమిది మంది, రెండు రూములు కావాలట. టైమర్ పెట్టొద్దని ముందే అనుకున్నాం కాబట్టి వాళ్లను పైకి పంపి వచ్చేసరికి ఆట అక్కడే ఉంది. కింద వాడి మెసేజ్: "నిదానంగా రా బావా, నేను టీ పెట్టుకుంటాండా."