చాంప్ యాంప్లిఫయర్ మరమ్మతు: సర్క్యూటు పని భేష్, పెట్టె పని అంతంతమాత్రం

ఫెండర్ కంపెనీ చేసిన ‘చాంప్’ అనే చిన్న గిటార్ యాంప్లిఫయరు ఒకటి అమెరికాలోని శాన్ హొసే సమీపంలో ఒక ఇంటి పాత సామాన్ల అమ్మకంలో నాకు చవకగా దొరికింది. దాన్ని మళ్లీ పనికి తెచ్చే బాధ్యతను ఇద్దరికి అప్పగించాను. సర్క్యూటును తన గ్యారేజీలోనే వాల్వు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాల) యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయనకు ఇచ్చాను. చెక్కపెట్టెను ఇటువంటి పెట్టెలకు కొత్త గుడ్డ అతికించే ఒక దుకాణానికి ఇచ్చాను. మొదటి పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. రెండోది సగం మళ్లీ చేయించవలసి వచ్చింది.

ముందు సరుకు సంగతి చెప్పాలి. పెట్టె లోపల అతికించిన వాల్వుల పట్టిక మీద ‘ఐ ఇ’ అని రెండక్షరాల ముద్ర ఉంది. ఆ కాలపు ఫెండర్ యాంప్లిఫయర్లలో మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. 1951ని ‘ఎ’గా లెక్కిస్తే ఇది 1959 మే నెలది. స్పీకరు మీది 465 అనే అంకె ఆక్స్‌ఫర్డ్ అనే స్పీకర్ల కంపెనీ గుర్తు, దాని పక్కనున్న అంకె కూడా 1959నే చూపుతోంది కనుక ఎనిమిది అంగుళాల ఆ స్పీకరు మొదటినుంచీ దీనిదేనని నమ్మవచ్చు. లోపల ఉన్నవి మూడే వాల్వులు: సంకేతాన్ని మొదట పెంచే 12ఏఎక్స్7, స్పీకరుకు శక్తినిచ్చే 6వి6, ఏసీని డీసీగా మార్చే 5వై3. బయటికి వచ్చే శక్తి సుమారు ఐదు వాట్లు, తిప్పడానికి ఉన్నది ఒక్క వాల్యూమ్ నాబ్. ఇంత సాదా యంత్రం మీద ఎవరో మహానుభావుడు గోడలకు వేసే నల్ల రంగు దట్టంగా పూసి పెట్టాడు.

పెద్దాయన దాన్ని వెంటనే ప్లగ్గులో పెట్టి చూడలేదు, నాకు నమ్మకం కలిగింది అక్కడే. వాల్వు యాంప్లిఫయరులో మూడు వందల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో (కరెంటులోని ఒడిదుడుకులను సరిచేసే భాగాలలో) అది నిలవ ఉండవచ్చు. అందుకని ముందు మీటరుతో చూసి, ఒక రెసిస్టరు ద్వారా ఆ కరెంటును దింపేసి, ఆ తరువాతే చెయ్యి పెట్టారు. 16, 8, 8 మైక్రోఫారడ్ల మూడు ఫిల్టర్ కెపాసిటర్లూ ఎండిపోయి ఉన్నాయి. గిటార్ తీగ ముట్టకముందే వినిపించిన గుయ్యిమనే శబ్దం వాటి చలవే. మా తాతగారింట్లో వాల్వు రేడియో కూడా చివరి రోజుల్లో వార్తలకు ముందు అచ్చం ఇలాగే మూలిగేది. ఆ పోలిక నేను ఊరికే తేలేదు: ఈ కంపెనీని స్థాపించిన లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోల మరమ్మతు దుకాణంతోనే మొదలుపెట్టారు, చాంప్ మూత తీసి చూస్తే కనిపించేది ఆ రేడియో విద్యే.

అసలు జబ్బు మరొకచోట ఉంది. 12ఏఎక్స్7 నుంచి 6వి6కి సంకేతాన్ని చేరవేసే కప్లింగ్ కెపాసిటరు పాతబడి లోలోపల లీకవుతోంది, దానివల్ల అది ఆపవలసిన డీసీ వోల్టేజి 6వి6 గ్రిడ్డు (సంకేతం అందుకొనే కొస) మీదికి చేరి ఆ వాల్వు చేత ఉండవలసినదానికంటే ఎక్కువ కరెంటు లాగిస్తోంది. దీన్ని ఆయన నాకు కంటికి చూపించారు: 6వి6 కాథోడ్ (వాల్వు కరెంటు పారే కొస) కింద ఉన్న 470 ఓముల రెసిస్టరు మీద మీటరు పెడితే 24 వోల్టులు చూపించింది, కెపాసిటరు మార్చాక అది 20కి దిగింది. అంటే 51 మిల్లీ ఆంపియర్లు కాస్తా దాదాపు 43కి తగ్గిందన్నమాట. ఆ 470 ఓముల రెసిస్టరు సరిగ్గానే ఉన్నదని తేల్చుకొని దాని జోలికి వెళ్లలేదు. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ పాతవే, 12ఏఎక్స్7 కూడా పాతదే. రెండు పుల్లల పాత కరెంటు తీగ తీసేసి, ఎర్తు ఉన్న మూడు పుల్లల తీగ వేశారు. ఈ ఒక్క మార్పును మాత్రం పాతదనం పేరు చెప్పి ఎవరూ వద్దనకూడదు. స్పీకరు కాగితంలోని చిన్న చిరుగుకు పల్చని కాగితం, పల్చటి జిగురుతో మాటు వేశారు. తీసేసిన భాగాలన్నీ ఒక కవరులో పెట్టి, ఏది ఎక్కడిదో రాసి మరీ తిరిగి ఇచ్చారు. మొత్తం 260 డాలర్లు, మూడు వారాలు.

ఇక పెట్టె సంగతి. చేతివేళ్లు ఒకదానిలో ఒకటి జొనిపినట్టు మూలలు కలిపిన పైన్ చెక్క అది. ఒక మూల వదులై ఉంటే దుకాణం వారు విప్పి, జిగురు పెట్టి, బిగించి చక్కగానే నిలబెట్టారు. నల్ల రంగు పట్టిన గుడ్డను కూడా చెక్క గీరుకుపోకుండా ఒలిచారు. తప్పంతా కొత్త గుడ్డ దగ్గర వచ్చింది. ట్వీడ్ అని పిలుస్తారే గాని ఇది ఏటవాలు చారలున్న గట్టి నూలు గుడ్డ, ఆ చారల వాలు పెట్టె చుట్టూ ఒకే తీరున నడవాలి. వీరు ముక్క పొదుపు చేయబోయి పైభాగానికి గుడ్డను అడ్డం తిప్పి అతికించారు. ముట్టుకోగానే పట్టేసే రకం జిగురు వాడడంతో సర్దే వీలు లేక ఎడమ మూలలో వేలెడంత బుడగ మిగిలింది. పైన పూసిన లక్క తేనె రంగు దాటి బొప్పాయి పండు రంగుకు పోయింది. ఇందుకు 180 డాలర్లు.

అడిగితే వాదించలేదు; గుడ్డ ఒలిచి, నెమ్మదిగా ఆరే జిగురుతో ఉచితంగానే మళ్లీ వేసి ఇచ్చారు. ఈసారి చారలు కుదిరాయి, రంగు కూడా లేతగా వచ్చింది. అయితే లోపలి దుమ్ము తుడవడానికి ఎవరో తడిగుడ్డ వాడినట్టున్నారు, వాల్వుల పట్టిక మీది ‘ఐ ఇ’ ముద్ర సగానికి పైగా చెరిగిపోయింది. పని అప్పగించేముందు తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉండడం అదృష్టం. పెట్టె ఇచ్చేటప్పుడు ఆ కాగితం మీద ప్లాస్టిక్ షీటు కప్పి, ముట్టుకోవద్దని రాసి ఇవ్వండి.

మోత విషయానికొస్తే, నాబ్ సగం వరకు గంటలా శుభ్రంగా పలుకుతుంది, ఆపైన గరగర మొదలవుతుంది, చివరికి తిప్పితే చిన్న పెట్టె మొత్తం వణుకుతుంది. దీన్ని హైదరాబాదు పట్టుకెళ్లాలనుకొనేవారికి ఒక మాట: అక్కడి 230 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. అది వోల్టేజిని దించుతుంది గాని 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు, కనుక లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడికంటే కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. గంటల తరబడి వాయించకుండా మధ్యలో ఆపి చల్లారనివ్వాలని పెద్దాయన నాతో రెండుసార్లు చెప్పారు.