ట్రిపుల్‌ను డబుల్ చేయాలంటే: చిన్న రింగు విప్పడమా, క్రాంక్‌సెట్ మార్చడమా?

సైకిల్ పెడల్ చేతులు, వాటికి బిగించిన పళ్ల రింగులు కలిపి క్రాంక్‌సెట్ అంటారు; రింగులు మూడుంటే ట్రిపుల్, రెండుంటే డబుల్. 52/39/30 పళ్ల ట్రిపుల్ ఉన్న రోడ్ బైక్‌లో 30 పళ్ల లోపలి రింగును విప్పేసి, మిగిలిన రెండింటితో నడపడం చవకైన మార్గం. గొలుసు లోపలికి జారిపోకుండా ఫ్రంట్ డిరైల్యూర్ (గొలుసును ఒక రింగు నుంచి మరో రింగుకు జరిపే భాగం) కదలికకు హద్దు పెట్టే లిమిట్ స్క్రూను సరిచేస్తే దాదాపు పని అయిపోయినట్టే. కానీ తగ్గే బరువు స్వల్పం. పెడళ్ల మధ్య వెడల్పు అలాగే ఉంటుంది.

అసలు నష్టం ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. వెనక చక్రానికి 28 పళ్ల స్ప్రాకెట్ (పళ్ల చక్రం) ఉందనుకుంటే, పెడల్ ఒక చుట్టుకు చక్రం ఇంతకుముందు 1.07 చుట్లు తిరిగేది, ఇప్పుడు 1.39 తిరుగుతుంది, అంటే ఇంకా గట్టిగా తొక్కాలి. 39కి బదులు 34 పళ్ల రింగు వేద్దామంటే, ఆ రింగును బిగించే బోల్టుల వలయం వ్యాసం 130 మిల్లీమీటర్లు కావడంతో 38 పళ్ల కన్నా చిన్నది అందులో పట్టదు.

50/34 కాంపాక్ట్ (చిన్న రింగుల డబుల్) క్రాంక్‌సెట్‌లో ఆ వ్యాసం 110 మిల్లీమీటర్లు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అదే స్ప్రాకెట్‌తో నిష్పత్తి 1.21కి దిగుతుంది. వెనక చిన్న స్ప్రాకెట్ 12 నుంచి 11కి మారితే పై వేగమూ తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా. అయితే ఖర్చు క్రాంక్‌సెట్‌తో ఆగదు. పాత షిమానో ఆక్టాలింక్ (క్రాంక్‌ను ఇరుసుకు బిగించే ఒక పద్ధతి) బైకుల్లో 118.5 మిల్లీమీటర్ల బాటమ్ బ్రాకెట్ (పెడల్ చేతులు తిరిగే ఇరుసు, బేరింగులు) స్థానంలో సాధారణంగా 109.5ది వేయాలి, డిరైల్యూర్‌ను కాస్త కిందికి దించాలి. ట్రిపుల్ షిఫ్టర్‌ను (గేర్లు మార్చే మీటను) మాత్రం చాలావరకు అలాగే ఉంచుకోవచ్చు.

చదును రోడ్లకు మొదటిదే చాలు. ఘాట్ రోడ్లు ఎక్కేవారికి రెండోది మేలు. అంత డబ్బు పెట్టలేకపోతే ట్రిపుల్‌నే ఉంచుకోవడం నయం.