మౌస్‌ను కంట్రోలర్‌గా నమ్మించే అడాప్టర్: నాలుగు వారాల పరీక్ష తర్వాత నా అభిప్రాయం

కన్సోల్‌లో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రంలో) షూటర్ ఆటలను, అంటే తుపాకీ కాల్పుల ఆటలను, కీబోర్డు, మౌస్‌లతో ఆడుకోవడానికి వీలు కల్పించే అడాప్టర్ ఒకటి మా బాబాయి గారి అబ్బాయి కొన్నాడు. దానికి అతడు పెట్టిన సొమ్ముతో మంచి కంట్రోలర్ ఒకటి వచ్చేది. "అన్నయ్యా, ఇప్పుడు అందరూ ఇదే వాడుతున్నారు" అని అతడు అన్న మాట నన్ను కలవరపెట్టడంతో, అది నిజంగా ఏం చేస్తుందో తెలుసుకుందామని నాలుగు వారాలు నా దగ్గరే ఉంచుకున్నాను. ఇతరులతో ఆడే మ్యాచ్‌లలో ఒక్కసారి కూడా వాడలేదు. బాట్‌లతో, అంటే కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో, ఆడే ప్రైవేట్ మ్యాచ్‌లలోనే పరీక్షించాను.

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఈ పెట్టెకు కీబోర్డును, మౌస్‌ను, వాటితో పాటు అసలు కంట్రోలర్‌ను కూడా తగిలించాలి. తనకు తగిలించిన పరికరం అధికారికమైనదేనా అని కన్సోల్ అడిగినప్పుడు ఆ కంట్రోలర్ చేత జవాబు చెప్పించి, ఆ తర్వాత మౌస్ కదలికలను, కంట్రోలర్ మీద బొటనవేలితో చూపును తిప్పే కుడి స్టిక్ కదలికలుగా మార్చి పంపడమే దీని పని. స్టిక్‌తో చూపు తిరిగే వేగానికి ఆటలో ఒక హద్దు ఉంటుంది కనుక, మౌస్‌ను ఎంత విసురుగా లాగినా చూపు ఆ హద్దు దాటదు. సెట్టింగులు కుదుర్చుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. కుదిరిన తర్వాత మాత్రం చెప్పిన పనిని చెప్పినట్టే చేసింది, నా అభ్యంతరం కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

బొటనవేలితో స్టిక్‌ను కదిపి గురిపెట్టడం, మొత్తం చేతితో మౌస్‌ను కదపడం కంటే కష్టం. ఆ లోటును పూడ్చడానికే కంట్రోలర్‌తో ఆడేవారికి ఎయిమ్ అసిస్ట్ ఇస్తారు: క్రాస్‌హెయిర్ (తెర మధ్య ఉండే గురి గుర్తు) శత్రువు దగ్గరకు రాగానే చూపు నెమ్మదిస్తుంది, కొన్ని ఆటల్లో శత్రువుతో పాటు కొంత తిరుగుతుంది కూడా. ఒక మ్యాచ్‌లో నేను కీబోర్డుతో ఎడమవైపు అడుగులు వేస్తుండగా ఒక బాట్ గుమ్మానికి అడ్డంగా పరుగెత్తింది. మౌస్ మీద చేయి కదలకుండా ఉన్నా, క్రాస్‌హెయిర్ ఆ బాట్ ఛాతీ వెంట దానంతటదే జరుగుతూ వెళ్లింది. బొటనవేలి కోసం ఉద్దేశించిన సాయం, ఆ సాయం అవసరమే లేని చేతికి అందింది. మౌస్ వాడటం మోసం కాదు, మౌస్ వాడుతూ కంట్రోలర్ వాడుతున్నట్టు ఆటను నమ్మించడం మోసం.

దీనికి స్క్రిప్టులు, అంటే మన బదులు సంకేతాలు పంపే చిన్న ప్రోగ్రాములు, కూడా ఎక్కించవచ్చు. కాల్పుల సమయంలో తుపాకీ పైకి ఎగరకుండా స్టిక్‌ను క్షణక్షణం కిందికి లాగుతున్నట్టు సంకేతాలు పంపే స్క్రిప్టును ఆన్ చేసి గోడ మీద కాల్చితే, మ్యాగజైన్‌లోని తూటాల గుర్తులన్నీ అరచేయి అంత చోటులోనే పడ్డాయి. ఆ అదుపు సాధించడానికి నెలల తరబడి సాధన చేసేవారిని తలచుకుంటే నాకు బాధ కలిగింది.

ఆటలు తయారుచేసేవారు దీనిని చూసీ చూడనట్టు వదిలేయలేదు. రెయిన్‌బో సిక్స్ సీజ్ అనే షూటర్ ఆట పోటీ మ్యాచ్‌లలో ఎయిమ్ అసిస్ట్ లేదు కనుక అక్కడ మౌస్ ఒక్కటే పెద్ద ఆధిక్యం; అందుకే దాన్ని తయారుచేసే యుబిసాఫ్ట్ 2023లో మౌస్‌ట్రాప్ అనే ఏర్పాటు తెచ్చి, అడాప్టర్ వాడుతున్నట్టు తేలిన వారి ఇన్‌పుట్‌కు ఆలస్యం జోడించడం మొదలుపెట్టింది. బ్యాన్ కంటే ఈ పద్ధతి నాకు ఎక్కువగా నచ్చింది, ఎందుకంటే అక్రమంగా వచ్చిన లాభాన్ని మాత్రమే లాగేసుకుని, అడాప్టర్ తీసేసి కొన్ని మ్యాచ్‌లు ఆడితే మళ్లీ మామూలు స్థితికి రానిచ్చేది. కాల్ ఆఫ్ డ్యూటీ అనే షూటర్ ఆటలో మోసాలను పట్టే వ్యవస్థ రికోషే కూడా అదే ఏడాది ఇలాంటి పరికరాలను పట్టడం ప్రారంభించింది. ఆ నవంబరులో ఎక్స్‌బాక్స్ అనధికారిక పరికరాలనే అడ్డుకోవడంతో, మోసంతో సంబంధం లేని కొన్ని ఫైటింగ్ గేమ్ స్టిక్‌ల (కుస్తీ, పోరాట ఆటల కోసం వాడే ప్రత్యేక కంట్రోలర్ల) గురించి కూడా ఆందోళన రేగింది. పీసీలో కూడా ఇదే మోసం జరుగుతుంది, కాకపోతే పెట్టె అవసరం లేకుండా సాఫ్ట్‌వేర్‌తోనే మౌస్‌ను కంట్రోలర్‌గా చూపిస్తారు.

చేతులు సహకరించనివారికి ఇలాంటి పరికరమే ఆటకు దారి కావచ్చు, వారిని మోసగాళ్లతో కలిపి చూడటం అన్యాయం. డెస్టినీ 2 అనే ఆట విషయంలో దాని తయారీ సంస్థ బంగీ 2023లో గీసిన గీత నాకు సబబుగా తోచింది: ఆట అందరికీ ఇచ్చే అనుభవాన్ని అందుకోవడానికి సహాయక పరికరం వాడవచ్చు, ఇతరులపై ఆధిక్యం కోసం వాడకూడదు. అలాంటివారి కోసమే తయారైన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018 నుంచే దొరుకుతోంది.

తయారీ పరంగా ఇందులో లోపం లేకపోయినా, ఈ అడాప్టర్‌ను కొనవద్దనే చెబుతున్నాను. మౌస్ అంటే ఇష్టమున్నవారికి కాల్ ఆఫ్ డ్యూటీ 2019 నాటి మోడర్న్ వార్‌ఫేర్ నుంచే కన్సోల్‌లో నేరుగా కీబోర్డు, మౌస్ పెట్టుకోనిస్తోంది, మౌస్‌కు ఎయిమ్ అసిస్ట్ మాత్రం ఇవ్వదు. పెట్టెను తిరిగి ఇచ్చేటప్పుడు మా తమ్ముడికి ఆ గుమ్మం దగ్గరి రీప్లే చూపించాను. ఇప్పుడతడు తన మౌస్‌ను నేరుగా కన్సోల్‌కే తగిలించి ఆడుతున్నాడు; మొదటి వారం బాగా తక్కువ కిల్స్ వచ్చాయని, అయినా అవి తనవేనని ఫోన్‌లో చెప్పాడు.