తొడ మీది గడ్డ ఏమిటో తేల్చిన తీరు: గుంటూరు కొత్తపేటలో ఒక సర్జన్ క్లినిక్

మా నాన్నగారి కుడి తొడ ముందు భాగంలో లేచిన గడ్డను చూపించడానికి కొత్తపేటలోని ఒక జనరల్ సర్జన్ దగ్గరకు వెళ్ళాము. నొప్పి లేదు, జ్వరం లేదు. కొన్ని నెలలుగా మెల్లగా పెరిగి పెద్ద నిమ్మకాయంత అయింది. అది కొవ్వు గడ్డేనని చుట్టపక్కాలందరూ అప్పటికే తేల్చేశారు.

డాక్టరుగారు మాత్రం వెంటనే దానికి పేరు పెట్టలేదు. దెబ్బ తగిలిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని ముందుగా అడిగారు. కండరంలో నెత్తురు గడ్డకట్టినా ఇలాగే కనిపిస్తుందట. చర్మం మీద నల్లటి చుక్క ఉంటే చర్మపు తిత్తి అనీ, ఎరుపూ వేడీ ఉంటే చీము అనీ అనుమానించాలని చెబుతూ, గజ్జల్లో బిళ్ళలేమైనా కట్టాయేమోనని తడిమి చూశారు. ఇవేవీ లేవు.

ఆ తర్వాత చేసిన పరీక్షకు పరికరమేదీ అక్కరలేదు. మోకాలు వంచకుండా కాలు పైకెత్తమని, తాను పైనుంచి అదిమి పట్టారు. తొడ కండరం బిగిసినప్పుడు గడ్డ మరింత ఉబ్బెత్తుగా కనిపిస్తూ వేళ్ళ కింద జారుతుంటే అది కండరానికి పైన ఉన్నట్టు. మరుగున పడి కదలడం మానేస్తే లోపల ఉన్నట్టు. నాన్నగారిది లోపలిదే. మామూలు కొవ్వు గడ్డలు చాలావరకు చర్మానికీ కండరానికీ మధ్యనే ఉంటాయి కనుక, 5 సెంటీమీటర్లు దాటి, లోతుగా ఉండి, పెరుగుతున్న గడ్డను ఎం.ఆర్.ఐ. చూడకుండా కోయకూడదని ఆయన కచ్చితంగా చెప్పారు.

ఎం.ఆర్.ఐ.లో అది కొవ్వేనని, మధ్యలో ఒకటి రెండు సన్నని పొరలు ఉన్నాయని తెలిసింది. ఫిల్ములను వెలుతురుకు పట్టి, చర్మం కింది కొవ్వూ గడ్డా ఒకే రంగులో ఉండటం మాకు చూపించారు. అయినా నెమ్మదిగా పెరిగే కొవ్వు క్యాన్సరు కాదని రూఢి చేసుకోవడానికి క్యాన్సర్ సర్జన్ దగ్గరకు పంపారు. సూదితో ముక్క తీసే పని తానే చేయగలిగినా చేయలేదు. ఒకవేళ క్యాన్సరే అయితే సూది వెళ్ళిన దారిని కూడా ఆపరేషనులో తీసేయవలసి వస్తుంది కాబట్టి, సూది ఎక్కడ గుచ్చాలో ఆ ఆపరేషను చేసేవారే నిర్ణయించాలన్నారు. తన దగ్గరకు వచ్చిన కేసును ఇలా వదులుకునే వైద్యులు ఎంతమంది ఉంటారు? చివరికి కండరంలో పెరిగిన మామూలు కొవ్వు గడ్డేనని రిపోర్టు వచ్చింది. (చుట్టాలు ఈ సంగతిని ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.)

లోపాలూ లేకపోలేదు. టోకెనుకూ లోపలికి పిలిచే వరుసకూ పొంతన లేదు. స్కానింగుకు ఎంత అవుతుందో రిసెప్షనులో ముందుగా చెప్పరు. పట్టుబట్టి అడిగితే తప్ప వేరే సెంటరులో చేయించుకోవచ్చన్న మాట కూడా బయటికి రాదు.